గర్భనిరోధక మాత్ర ఏ రోజు నుంచి పనిచేస్తుంది? మూడు జవాబుల వెనుక ఉన్న లెక్క

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో గర్భనిరోధక మాత్రలు కొత్తగా మొదలుపెట్టే స్త్రీకి ఒకే ప్రశ్నకు మూడు జవాబులు వినిపించడం మామూలే. నెలసరి అయిదో రోజు లోపు వేసుకుంటే వెంటనే పనిచేస్తుందని ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ చెబుతుంది. వారం రోజులు జాగ్రత్తగా ఉండాలని మందుల షాపులో అంటారు. ఒక షీటు పూర్తయ్యే దాకా నమ్మకూడదని పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్న వదిన ఫోనులో హెచ్చరిస్తుంది. ఈ ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పాలని చెప్పడం లేదు. ఒక్కొక్కరి జవాబూ ఏదో ఒక రకం మాత్రకు, ఏదో ఒక రోజున మొదలుపెట్టిన వారికి సంబంధించినది. అయితే ఆశా దీదీ ఒడియాలో విన్నది, షీటు మీద హిందీలోనో ఇంగ్లీషులోనో అచ్చయినది, చివరికి ఇంట్లో తెలుగులో చెప్పుకునే సరికి దాని వెంట ఉండవలసిన షరతు జారిపోయి, జవాబు ఒక్కటే మిగులుతుంది. ఆ షరతు ఏమిటో తెలిస్తే మూడు జవాబుల మధ్య ఉన్నట్టు కనిపించే తగాదా చాలా వరకు తీరిపోతుంది.

తెల్ల మాత్రలో ఏముంది, అది ఏం చేస్తుంది

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ షీటులో 28 మాత్రలు ఉంటాయి. వాటిలో 21 తెల్లనివి, 7 ముదురు రంగువి. ఒక్కో తెల్ల మాత్రలో రెండు హార్మోన్లు కలిసి ఉంటాయి: లెవొనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు. ముదురు రంగు మాత్రల్లో ఇనుము తప్ప హార్మోన్ ఉండదు. నెలసరి సమయంలో పోయిన రక్తానికి కొంత బలం చేకూర్చడం, రోజూ మాత్ర వేసుకునే అలవాటు తప్పిపోకుండా చూడడం వాటి పని. మందుల షాపుల్లో వేర్వేరు పేర్లతో దొరికే మాత్రల్లో చాలా వరకు ఇలా రెండు హార్మోన్లు కలిసినవే. వీటిని మిశ్రమ మాత్రలు అంటారు.

ఈ హార్మోన్లు ముఖ్యంగా రెండు పనులు చేస్తాయి. మొదటిది, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి అండాశయానికి అందే సంకేతాన్ని అణచివేసి, అండం విడుదల కాకుండా ఆపడం. రెండవది, గర్భాశయ ముఖద్వారం దగ్గర ఉండే జిగురును చిక్కబరిచి, వీర్యకణాలు లోపలికి వెళ్లకుండా అడ్డుకోవడం. జిగురు చిక్కబడడానికి గంటల నుంచి ఒకటి రెండు రోజులు సరిపోతాయి. అండాశయాన్ని పూర్తిగా నిద్రపుచ్చడానికి మాత్రం వరుసగా కొన్ని రోజులు మాత్ర పడాలి. ఎప్పటి నుంచి పనిచేస్తుందన్న ప్రశ్నకు వేర్వేరు జవాబులు రావడానికి అసలు కారణం ఈ రెండు పనుల వేగంలో ఉన్న తేడాయే.

అయిదు రోజుల నియమం ఎక్కడి నుంచి వచ్చింది

నెలసరి మొదలైన తొలి రోజుల్లో అండాశయంలో అండాలుండే చిన్న కోశాలు కొన్ని ఒకేసారి ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి మిగతావాటిని దాటి ముందుకు రావడానికి సుమారు మొదటి వారం పడుతుంది. ఆ ఒక్కటి ఇంకా తేలకముందే మాత్ర మొదలైతే, ఆ నెల అండం పండే అవకాశమే దాదాపుగా ఉండదు. అందుకే నెలసరి మొదలైన అయిదు రోజుల లోపు మిశ్రమ మాత్ర మొదలుపెడితే వేరే జాగ్రత్త అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. మాత్ర ఆ రోజు నుంచే పూర్తిగా పనిచేస్తున్నదని దీని అర్థం కాదు. మాత్ర పట్టు బిగించేలోగా విడుదల కావడానికి అండం సిద్ధంగా లేదని మాత్రమే అర్థం. ఫలితం ఒకటే అయినా కారణం వేరు కనుక, ఈ తేడా తెలిసిన వారు పదిహేనో రోజున మొదలుపెట్టి వెంటనే ధీమాగా ఉండరు.

ఇక్కడ రోజుల లెక్కలో జరిగే పొరపాటు గురించి కొంచెం వివరంగా చెప్పడం అవసరం. రక్తస్రావం మొదలైన రోజే మొదటి రోజు. చాలా ఇళ్లలో నెలసరి లెక్కను తలస్నానం చేసిన రోజు నుంచి చూసుకునే అలవాటు ఉంది. నెలసరి 3వ తేదీ సాయంత్రం మొదలైందనుకుందాం. వైద్యుల లెక్కలో 3వ తేదీ మొదటి రోజు, 7వ తేదీ అయిదో రోజు. అదే స్త్రీ 6వ తేదీన తలస్నానం చేసి, అక్కడి నుంచి అయిదు రోజులు లెక్కపెట్టి 10వ తేదీన మాత్ర మొదలుపెడితే, ఆమె దృష్టిలో అది అయిదో రోజే. శరీరం దృష్టిలో అది ఎనిమిదో రోజు. అయిదో రోజని చెప్పిన వారూ, విన్నవారూ నిజాయితీగానే ఉన్నా, మధ్యలో మూడు రోజులు పోయాయి. సలహా ఇచ్చేవారు ‘అయిదో రోజు’ అని ఊరుకోకుండా తేదీ చెప్పించుకుని కలిసి లెక్కపెడితే ఈ ఒక్క పొరపాటైనా తప్పుతుంది.

అయిదు రోజులు దాటినప్పుడు ఏడు మాత్రల లెక్క

రెండు నెలసరుల మధ్య ఎప్పుడైనా, గర్భం లేదని తగిన నమ్మకం ఉంటే, మాత్ర మొదలుపెట్టవచ్చు. గత నెలసరి తర్వాత కలయికే లేకపోవడం, అప్పటిదాకా మరో నమ్మకమైన పద్ధతి సరిగా వాడుతూ ఉండడం వంటివి అలాంటి నమ్మకానికి ఆధారాలు. అయితే అయిదు రోజులు దాటాక మొదలుపెట్టిన వారు వరుసగా ఏడు తెల్ల మాత్రలు వేసుకునే వరకు నిరోధ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. అండాశయం లొంగడానికి ఆ ఏడు రోజులు పడుతుంది.

పై ఉదాహరణనే తీసుకుంటే, 10వ తేదీన మొదటి మాత్ర వేసుకున్న స్త్రీకి 10 నుంచి 16 వరకు నిరోధ్ కావాలి, 17వ తేదీ నుంచి మాత్ర ఒక్కటే చాలు. మధ్యలో మాత్రలు మరచిపోతే మాత్రం ఈ లెక్క చెదిరిపోతుంది, ఎందుకంటే గడవవలసినవి ఉత్త రోజులు కావు, మాత్ర పడిన రోజులు, అవి కూడా వరుసగా.

నెల రోజులు ఆగాలనే మాట దీనికంటే ముందు జాగ్రత్త ఎక్కువైనది. మొదటి షీటు పూర్తయ్యే దాకా రెండో రక్షణ వాడితే నష్టమేమీ లేదు, కానీ మిశ్రమ మాత్రకు అంత అవసరమూ లేదు. తొలి రెండు మూడు నెలల్లో మధ్యమధ్య రక్తపు మరకలు, వికారం, తలనొప్పి కనిపించి, శరీరం అలవాటు పడ్డాక తగ్గుతాయి. ఆ అలవాటు పడే కాలాన్ని, మాత్ర పనిచేయని కాలంగా చాలామంది పొరబడుతున్నారు. మరకలు కనిపించినంత మాత్రాన మాత్ర పనిచేయడం లేదని కాదు. ఈ అపోహ వల్లనే రెండో షీటుకు చేరకుండా మాత్రలు మానేసే స్త్రీలు ఉన్నారు కనుక, దాన్ని చిన్న విషయంగా తీసుకోలేము.

భర్త సెలవుపై వచ్చినప్పుడే మాత్ర వేసుకుంటే

గంజాం జిల్లా నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మగవారు సూరత్ మగ్గాల మీద పనికి వెళ్లి, దసరాకో ఇంట్లో శుభకార్యానికో కొద్ది రోజుల సెలవు మీద వస్తారు. ఇంటాయన లేనప్పుడు మాత్ర ఎందుకని స్త్రీలు అనుకోవడం సహజం. కానీ ఈ మాత్ర తలనొప్పి మాత్రలా అవసరమైన రోజు వేసుకునేది కాదు.

ఒకామెకు నెలసరి 2వ తేదీన మొదలైందని, భర్త 20న వచ్చి నెలాఖరుకు తిరిగి వెళతాడని అనుకుందాం. ఆమె 6వ తేదీ లోపు మాత్ర మొదలుపెట్టి మానకుండా వేసుకుంటే, అతను వచ్చే నాటికి ఏ సందేహమూ లేదు. ఆ అయిదు రోజులు దాటిపోయినా, 13వ తేదీన మొదలుపెడితే 19 నాటికి ఏడు మాత్రలూ పడతాయి. అదే అతను వచ్చిన 20వ తేదీనే మొదటి మాత్ర వేసుకుంటే, 26వ తేదీ దాకా నిరోధ్ తప్పదు. సెలవులో సగానికి పైగా అందులోనే గడిచిపోతుంది. అతను రైలెక్కగానే మాత్రలు ఆపి, మళ్లీ వచ్చినప్పుడు మొదలుపెడితే ఈ లెక్క ప్రతిసారీ మొదటికి వస్తుంది. అండం విడుదలయ్యే శక్తి మాత్ర ఆపగానే తిరిగి రాగలదు కనుక, ఆపిన నెలలో మిగిలిపోయిన రక్షణ ఏదో ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు.

నిపుణుల మధ్య ఉన్న తేడాలు

అయిదు రోజుల నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, బ్రిటన్ ఆరోగ్య సేవ అంగీకరిస్తాయి. అయితే కొన్ని కంపెనీల మిశ్రమ మాత్రలతో వచ్చే కాగితంలో, మొదటి రోజే మొదలుపెడితే వెంటనే రక్షణ ఉంటుందని, రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్య మొదలుపెడితే ఏడు రోజులు నిరోధ్ వాడాలని ఉంటుంది. మందుల షాపులో వారం రోజులని చెప్పేవారు ఆ కాగితం చదివి చెబుతూ ఉండవచ్చు. కంపెనీ కాగితం తన మందుకు అనుమతి పొందినప్పుడు రాసుకున్న జాగ్రత్తను చెబుతుంది, మార్గదర్శకాలు రాసేవారు ఆ తర్వాత పోగైన పరిశోధనలన్నీ కలిపి చూస్తారు.

ఏది పాటించాలన్న విషయంలో రెండు వైపులా న్యాయం ఉంది. జాగ్రత్త ఎంత ఎక్కువైతే అంత మంచిదనేది ఒక వాదన. నియమం కఠినమైన కొద్దీ మొదలుపెట్టకుండా వాయిదా వేసుకునే స్త్రీలు పెరుగుతారని, ఆ వాయిదాలోనే అనుకోని గర్భాలు వస్తాయని రెండో వాదన. నా దృష్టిలో రెండోది ఎక్కువ బరువైనది. అయితే బ్రిటన్ ఆరోగ్య సేవ చెప్పే ఒక మినహాయింపును మరువకూడదు: 23 రోజులకో అంతకన్నా ముందో నెలసరి వచ్చే స్త్రీలలో అండం త్వరగా పండుతుంది. అలాంటివారు అయిదో రోజున మొదలుపెడితే ఏడు రోజుల జాగ్రత్త అవసరం కావచ్చు.

వేరే మాత్రలకు వేరే లెక్క

ఇప్పటిదాకా చెప్పినదంతా మిశ్రమ మాత్రల గురించే. పాలిచ్చే తల్లులకు, మిశ్రమ మాత్రలోని రెండో హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ పడని వారికి ఒకే హార్మోన్ ఉన్న మాత్రలు ఇస్తారు. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల మాత్ర అలాంటిది. ముఖద్వారం దగ్గరి జిగురును ఇవి త్వరగా చిక్కబరుస్తాయి కనుక, అయిదు రోజులు దాటాక మొదలుపెట్టినా రెండు రోజుల జాగ్రత్త చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇదే రకంలో కొత్తగా వచ్చిన డ్రొస్పిరెనోన్ మాత్ర దీనికి భిన్నం. అమెరికా మార్గదర్శకం ప్రకారం, నెలసరి మొదలైన ఒక రోజు లోపు కాకుండా ఎప్పుడు మొదలుపెట్టినా దానికి ఏడు రోజులు కావాలి.

ఛాయా మాత్ర సంగతి పూర్తిగా వేరు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన ఈ మందులో హార్మోన్ ఉండదు, అండం విడుదలను ఇది ఆపదు కూడా. గర్భాశయం లోపలి పొర మీద పనిచేసి, ఫలదీకరణ జరిగినా అండం అక్కడ నిలవకుండా చేస్తుంది. నెలసరి మొదటి రోజున మొదటి మాత్ర, మూడు రోజుల తర్వాత రెండోది, ఇలా వారానికి రెండు చొప్పున మూడు నెలలు వేసుకుని, నాలుగో నెల నుంచి వారానికి ఒకటి వేసుకోవాలి. మొదటి మాత్ర ఆదివారం పడితే రెండోది బుధవారం, నాలుగో నెల నుంచి ఆదివారం మాత్రమే. మాలా-ఎన్ లెక్కలు దీనికి అంటగట్టకూడదు. ఒకే సంచీలోంచి ఆశా దీదీ రెండు రకాలూ తీసి ఇస్తుంది కనుక, తమ చేతికి వచ్చినది ఏదో ముందు తెలుసుకోవాలి.

బరంపురం ఠాకురాణీ యాత్రకో, ఇంట్లో వ్రతానికో నెలసరి వాయిదా పడాలని కొందరు మందుల షాపు నుంచి నోరెథిస్టెరోన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు తెచ్చుకుంటారు. నెలసరిని ఆపుతోంది కనుక గర్భాన్నీ ఆపుతుందని అనుకోవడం ప్రమాదకరం. ఆ వాడకాన్ని గర్భనిరోధక పద్ధతిగా లెక్కించరు. ఆ రోజుల్లో విడిగా రక్షణ ఉండాలి.

కాన్పు తర్వాత, గర్భస్రావం తర్వాత

నెలసరే ఇంకా రాని బాలింతకు అయిదు రోజుల నియమం ఎలా వర్తిస్తుంది? ఇక్కడ ఎప్పటి నుంచి పనిచేస్తుందన్న దానికంటే ఎప్పుడు మొదలుపెట్టవచ్చన్నది ముందు వచ్చే ప్రశ్న. పాలిచ్చే తల్లి కాన్పైన ఆరు వారాల లోపు మిశ్రమ మాత్రలు వాడకూడదు. ఆరు నెలల వరకు సాధారణంగా వద్దనే అంటారు. పాలివ్వని తల్లి రక్తం గడ్డకట్టే ప్రమాద కారణాలేవీ లేకపోతే మూడు వారాల తర్వాత మొదలుపెట్టవచ్చు. నెలసరి తిరిగి రాకముందు మొదలుపెట్టే వారికి సాధారణంగా ఏడు రోజుల జాగ్రత్త వర్తిస్తుంది. గర్భస్రావమైన వారు ఏడు రోజుల లోపు మొదలుపెడితే రెండో రక్షణ అక్కరలేదు.

మొదలైన రక్షణ ఎక్కడ తెగిపోతుంది

ఒక ఏడాది పాటు ఒక్క మాత్రా తప్పకుండా సరిగ్గా వాడితే వెయ్యి మందిలో ముగ్గురికే గర్భం వస్తుంది. మామూలు జీవితంలో, మరపులతో కలిపి చూస్తే వందలో ఏడుగురికి వస్తుంది. ఈ తేడా మందులో లేదు, వాడకంలో ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా తప్పేది షీట్ల మధ్య. ముదురు రంగు మాత్రలు వేసుకునే ఏడు రోజుల్లో హార్మోన్ అందకపోయినా, అంతకుముందు 21 తెల్ల మాత్రలు సరిగా పడ్డాయి కనుక, ఆ వారంలోనూ రక్షణ ఉంటుంది. కానీ ఎనిమిదో రోజున కొత్త షీటు తప్పకుండా మొదలుకావాలి. నెలసరి ఆగాక అని, లేదా మళ్లీ అయిదో రోజు నుంచి అని కొత్త షీటును ఆలస్యం చేస్తే హార్మోన్ లేని రోజులు ఏడు దాటి, అండాశయం మేల్కొంటుంది. అయిదో రోజు నియమం మొదటి షీటుకు మాత్రమే. పండగ రోజుల్లో ఆరోగ్య ఉపకేంద్రంలో మాత్రలు దొరక్క నాలుగు రోజులు ఆలస్యమైన స్త్రీ, తనకు తెలియకుండానే, కొత్తగా మొదలుపెట్టిన దానితో సమానమవుతుంది.

ఒక తెల్ల మాత్ర మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని మిగతావి మామూలుగా కొనసాగిస్తే చాలు. ఇందులో అందరిదీ ఒకే మాట. ఎన్ని మరచిపోతే మళ్లీ ఏడు రోజుల జాగ్రత్త కావాలన్న దగ్గర తేడా వస్తుంది. అమెరికా మార్గదర్శకం వరుసగా రెండు అంటే, అనేక దేశాల ఆరోగ్య కార్యకర్తలు వాడే కుటుంబ నియంత్రణ కరదీపిక మూడు అంటుంది. మాత్ర వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపీన్ కాలేయంలో మాత్ర హార్మోన్లను త్వరగా కరిగించేస్తాయి. ఈ మందులు వాడుతున్న వారికి ఏడు రోజులైనా, నెలైనా మాత్ర మీద పూర్తి భరోసా ఉండదు. రిఫాంపిసిన్ ప్రభావం ఆపిన తర్వాత కూడా నాలుగు వారాల వరకు ఉంటుంది. అలాంటివారికి కాపర్-టీ, మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ వంటివి నికరమైన మార్గాలు. క్షయ మందు ఇచ్చే చోట మాత్రల సంగతి, మాత్రలు ఇచ్చే చోట క్షయ సంగతి అడగకుండా పోవచ్చు. ఈ ఖాళీ నన్ను నిజంగా కలవరపెడుతుంది.

సికిల్ సెల్ ఉన్న కుటుంబాలకు ప్రత్యేక ప్రశ్న

ఒడిశా దక్షిణ, పడమటి జిల్లాల్లోనూ, మహారాష్ట్ర వైపు గడ్చిరోలి, చంద్రపూర్‌లలోనూ సికిల్ సెల్ రక్తవ్యాధి కనిపిస్తుంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఇక్కడ పరీక్షలు జరుగుతున్నాయి, చేతికి పరీక్ష ఫలితం కార్డు వచ్చిన స్త్రీ మాత్రలు వాడవచ్చా అని అడగడం న్యాయమైన ప్రశ్న. 2015 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హతల పట్టికలో, ఈ వ్యాధి ఉన్నవారికి మిశ్రమ మాత్ర ప్రమాదం కంటే మేలే ఎక్కువ చేస్తుందన్న వర్గంలో ఉంది. 2024లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, రక్తం గడ్డకట్టే ముప్పును ముందుకు తెచ్చి, వాడకూడదన్న వర్గంలోకి మార్చింది. గర్భం కూడా ఈ స్త్రీలకు ప్రమాదకరమే కనుక ఏ రక్షణా లేకుండా ఉండడం పరిష్కారం కాదు. ఒకే హార్మోన్ ఉన్న మాత్రను రెండు సంస్థలూ సురక్షితంగానే చూస్తున్నాయి. కార్డులో వ్యాధి ఉందని రాశారా, వాహకులని (అంటే వ్యాధి లేకుండా దాని జన్యువును మాత్రమే మోస్తున్నవారని) రాశారా అన్నది ఇక్కడ కీలకం. ఈ హెచ్చరిక వ్యాధి ఉన్నవారికి సంబంధించినది.

ఆ ఏడు రోజుల్లో రక్షణ లేకుండా కలయిక జరిగితే

అప్పుడు లెవొనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల అత్యవసర మాత్ర 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మేలు. ప్రభుత్వ సరఫరాలో దీని పేరు ఈజీ పిల్. ఇది వేసుకున్నాక రోజువారీ మాత్రలు ఆపనక్కరలేదు, కానీ ఏడు రోజుల జాగ్రత్త లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. షీటు పూర్తయినా నెలసరి రాకపోతే, అనుమానం ఉన్న కలయిక జరిగిన మూడు వారాల తర్వాత చేసే మూత్ర పరీక్ష నమ్మదగినది. ఆశా దీదీ దగ్గర దొరికే నిశ్చయ్ కిట్టు ఇందుకోసమే. గర్భం అని తేలితే మాత్రలు ఆపాలి. తెలియక మొదటి రోజుల్లో వేసుకున్న ఈ మిశ్రమ మాత్రల వల్ల బిడ్డకు హాని జరిగినట్టు ఆధారాలు లేవు.